నిన్న నా కడుపులో బెలూన్ తీశారు, కానీ అంతకుముందు నన్ను అబద్ధాలకోరును చేశారు

గొంతు ఇంకా మండుతూనే ఉంది. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

బరువు తగ్గడానికి కడుపులో ఈ బెలూన్ పెట్టించుకోవడం తేలిగ్గానే జరిగింది. ముందు ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూడటం) చేసి అల్సర్లూ, హయాటస్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జరగడం) లేవని చూసుకున్నారు. మత్తిచ్చి, నోటి ద్వారా దించి, 600 మి.లీ. సెలైన్ నింపారు. అందులో నీలం రంగు కలుపుతారు. బెలూన్ కారితే మూత్రం పచ్చగానో నీలంగానో వస్తుంది, వెంటనే పరిగెత్తుకు రావాలన్నారు. ఆరు నెలలూ రోజూ పొద్దున్నే అదే చూసుకున్నాను.

మొదటి నాలుగు రోజులు వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి. మంచినీళ్లు కూడా చెంచాతోనే. ఐదో రోజు కొబ్బరినీళ్లు నిలిచాయి. తర్వాత జావ, మెత్తటి పప్పన్నం. యాసిడ్ తగ్గించే మాత్ర ఒక్కరోజు మరిచిపోయినా గుండెల్లో మంటే. 98 కిలోల నుంచి 85కి వచ్చాను. ఒక్క చెక్కప్ కూడా మానలేదు.

తీసే రోజు దగ్గరే నా పరువు పోయింది. వాళ్లిచ్చిన కాగితంలో ఒక్కటే ముక్క: రాత్రి 10 తర్వాత ఏమీ తినకూడదు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. మంగళవారం పొద్దున మత్తులోంచి లేచేసరికి నర్సు వార్డంతా వినబడేలా అడిగింది, “మేడం, తినొచ్చి తినలేదని సంతకం పెట్టారేంటి? ఊపిరితిత్తుల్లోకి పోతే ఎవరిది బాధ్యత?” బెలూన్ తీయలేదు. మా ఆయనకి ఫొటో చూపించారు. బెలూన్ చుట్టూ మెతుకులు, దాని మీద అడ్డంగా అతుక్కున్న తోటకూర కాడ. బయటికొచ్చాక ఆయన గొంతు తగ్గించి, “పోనీలే, కాస్త ఏమైనా తిన్నావా?” అన్నారు. నర్సు అరుపుకి రాని కన్నీళ్లు ఆ మాటకి వచ్చాయి.

మా ఇంట్లో తోటకూర వండింది ఆదివారం మధ్యాహ్నం! ఆ ఫొటో పట్టుకుని మళ్లీ డాక్టరుగారి గదికి వెళ్లి అదే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత వివరించారు. బెలూన్ చోటు ఆక్రమించడమే కాదు, కడుపు ఖాళీ అవడాన్నే నెమ్మది చేస్తుందట. నాలుగు ముద్దలకే నిండిపోయేది అందుకే, బరువు తగ్గేదీ అందుకే. పీచున్న కూరలు ఇంకా ఆలస్యం. నాకు పొద్దున్నే కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులు ఎందుకొచ్చేవో అప్పుడు అర్థమైంది. అది ఫోన్లో మూడుసార్లు చెప్పాను, “గ్యాస్ అమ్మా” అని పెట్టేశారు. మనిషిని అబద్ధాలకోరు అనేముందు ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు అని అడగడానికి ఎంతసేపు పడుతుంది?

మత్తు బిల్లు రెండోసారి వేశారు. కాగితం చూపించి కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడ్డాను, కొట్టేశారు. మీరు పెట్టించుకుంటే తీసే ముందు ఎన్ని రోజులు ద్రవాలే తాగాలో రాయించుకోండి, నోటిమాట నమ్మకండి. నాకు మూడు రోజులు చెప్పారు: వడగట్టిన మజ్జిగ, పల్చటి చారు, కొబ్బరినీళ్లు. ఆఖరి 12 గంటలు అదీ లేదు. ఈసారి సూదితో పొడిచి, నీళ్లు లాగేసి, బెలూన్ బయటికి తీశారు. కడుపు శుభ్రంగా ఉందని మా ఆయన ఎదుటే వాళ్లతో చెప్పించాను.

ఈ పొద్దున ఒక మెత్తటి ఇడ్లీ తిన్నాను. 11 కొట్టేసరికి కడుపు కాలింది. ఆరు నెలల్లో ఇంత ఆకలి ఎరగను. ఆయన ఇంకో ఇడ్లీ పెట్టబోతే వద్దని, గ్లాసుడు మజ్జిగ తాగాను.