గట్టే నీటిని నడిపే కాలువ

రోజూ విజయవాడలో బందరు కాలువ పక్కనుంచే కాలేజీకి వెళ్తాను. మధ్యలో ఉన్న గుర్రపుడెక్క చకచకా కొట్టుకుపోతుంది, గట్టు దగ్గరిది తచ్చాడుతుంది. సన్నటి గొట్టంలో విద్యుత్తు పెట్టి పదార్థాలను విడదీసే క్యాపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలకి ముందు ఈ కాలువను గుర్తుచేసి, తర్వాత దాన్ని తిరగేసి ఊహించుకోమంటాను. ఆ గొట్టంలో నీళ్లను లాక్కెళ్లేది గట్టే, అంటే గొట్టం గోడే.

మా ల్యాబ్‌లో వాడేది వెంట్రుకంత ఫ్యూజ్డ్ సిలికా గొట్టం, లోపలి వ్యాసం 75 మైక్రాన్లు. 1981లో జోర్గెన్సన్, లుకాక్స్ అనే శాస్త్రవేత్తలు ఎంత సన్నటి పీకులు (గ్రాఫులో ఒక్కో పదార్థానికి లేచే మొనలు) సాధ్యమో చూపించింది ఇంతే లావు గాజు గొట్టాల్లో. గోడ మీది సిలనాల్ గుంపులు (సిలికాన్‌కి అంటుకున్న ఓహెచ్‌లు) ప్రోటాన్లు వదిలేసి గోడకి రుణావేశం ఇస్తాయి. దాన్ని అంటిపెట్టుకుని బఫర్‌లోని (గొట్టంలో నింపే, పీహెచ్ మారనివ్వని ద్రావణంలోని) ధనాయాన్లు పలచటి పొరగా చేరతాయి. 25 కిలోవోల్టులు పెట్టగానే ఆ పొర కాథోడ్ (రుణధ్రువం) వైపు కదులుతూ మొత్తం ద్రవాన్ని వెంట తీసుకుపోతుంది. అందుకే ప్రవాహం మధ్యలో ఉబ్బదు, చదునుగా సాగుతుంది.

ఆ పొర మందం కొద్ది నానోమీటర్లే. గోడ మీద అంతే ఎత్తు గరుకు ఉన్నా దానికి అది గుట్టే. అయితే నన్ను ఎక్కువ ఏడిపించింది గరుకు కాదు, గోడ ఆవేశం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉండటం. ఒక భాగం గట్టిగా తోస్తుంది, పక్కది మెల్లగా తోస్తుంది. నీరు మాత్రం గొట్టమంతా ఒకే లెక్కన పోవాలి కదా! ఆ తేడా సర్దడానికి లోపలే పీడనం పుడుతుంది. చదునైన ప్రవాహం వంగిపోతుంది, పీకు వెడల్పవుతుంది.

పోయిన వేసవిలో పీహెచ్ 7 దగ్గర లైసోజైమ్ అనే ప్రోటీన్ పెట్టాం. ఆవేశం లేక నీటితోపాటే సాగుతుందని గుర్తుకోసం కలిపిన అసిటోన్ మొదటిరోజు 4 నిమిషాలకు వచ్చింది, వారం తిరిగేసరికి ఐదున్నరకి జారింది. లైసోజైమ్ పీకుకి పొడుగాటి తోక. బఫర్ కొత్తగా కలిపాం, ఏసీ చూపించాం, లాభం లేదు. ఒకమ్మాయి గొట్టాన్ని కిటికీ వెలుగుకి పట్టి చూస్తూ, "లోపల పాచి పట్టిందేమో మేడమ్?" అంది. కంటికేమీ కనపడలేదు కానీ ఆ అమ్మాయి అన్నదే నిజం. ధనావేశమున్న లైసోజైమ్ గోడకి అతుక్కుపోతోంది, అతుక్కున్న చోటల్లా గోడ లాగే బలం తగ్గిపోతోంది.

సోడియం హైడ్రాక్సైడ్‌తో అరగంట కడిగి, నీళ్లు, బఫర్ పోనిచ్చాక అసిటోన్ మళ్లీ 4 నిమిషాలకు వచ్చింది. తోక మాత్రం సగమే తగ్గింది. లెన్స్ కింద చూస్తే గొట్టం కొస పెచ్చులూడి ఉంది. సిరామిక్ బిళ్లతో ఒక్క గీత గీసి నిటారుగా లాగాం, అంచు నున్నగా తెగింది. తోక ఇంకొంచెం తగ్గింది.

అలాగని రోజూ క్షారంతో కడగనివ్వను, సిలికా అందులో కరుగుతుంది. ప్రోటీన్లకి ఇప్పుడు పాలీఅక్రిలమైడ్ పూత ఉన్న గొట్టం విడిగా పెట్టాం. ఈ పద్ధతి 1985లో హ్యర్టెన్ అనే శాస్త్రవేత్త చూపించింది. ఇందులో గోడ లాగడం దాదాపు ఆగిపోతుంది, లైసోజైమ్ తన ఆవేశంతో తానే నడవాలి. నిన్న అలాగే నడిచి, రెండువైపులా సమంగా ఉన్న పీకు ఇచ్చింది. ఆ అమ్మాయి ప్రింట్ తీసి తన రికార్డులో అతికించుకుంది.