బ్లాక్ అండ్ వైట్ ఫొటోకి ఏ రంగు ఫ్రేమ్?
బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ అనగానే షాపులో నల్ల ఫ్రేమే చేతిలో పెడతారు, చాలాసార్లు అది బాగానే ఉంటుంది కూడా, కానీ ముందు ప్రింట్‌ని కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. నలుపు కాస్త నీలం వైపు ఉంటే సన్నటి నల్ల ఫ్రేమ్, లేదా వెండి రంగు. గోధుమ వైపు ఉంటే టేకు లాంటి చెక్క. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంనాటి ఆల్బుమెన్ ప్రింట్లకి (గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసినవి) ఉండే ఆ గోధుమ ఛాయ పక్కన నిగనిగలాడే నల్ల ఫ్రేమ్ నాకైతే అస్సలు నచ్చదు. మౌంట్, అంటే ఫ్రేమ్ లోపల ఫొటో చుట్టూ పెట్టే అట్ట, మరీ తెల్లగా ఉంటే పాత ఫొటోలోని తెలుపు మాసినట్టు కనిపిస్తుంది, అందుకే కొంచెం మీగడ రంగుది అడగండి. బంగారు రంగు ఫ్రేమ్ మాత్రం దయచేసి వద్దు, ఫొటోలో మనిషిని చూడకముందే కన్ను దానిమీదకి పోతుంది.