రిగ్లీలో మధ్యాహ్నం ఆట, ఆ తర్వాత రాత్రి

ఇవాళ శుక్రవారం. నలుగురం సెలవు పెట్టి ఇక్కడ చికాగోలో కబ్స్ జట్టు బేస్‌బాల్ ఆటకి వెళ్ళాం. నేను, నేపర్‌విల్ నుంచి అన్న, వదిన, ఆఫీసు పని మీద డల్లాస్ నుంచి వచ్చిన మామ. మామ అంటే వరసకి కాదు, హాస్టల్లో మొదలైన పిలుపు. అన్న మాకు కాలేజీలో సీనియర్. ఈ మధ్య మేం కలుస్తున్నదల్లా ఎవరో ఒకరి పిల్లల పుట్టినరోజుల్లోనే. ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడి, "ఎలా ఉన్నావ్, జాబ్ ఎలా ఉంది" అనేలోపు కేక్ కటింగ్ వస్తుంది, అంతటితో సరి.

వాళ్ళ కారు ఎడ్జ్‌వాటర్‌లో మా అపార్ట్‌మెంట్ దగ్గరే పెట్టించి రెడ్ లైన్ రైలెక్కించాను. రిగ్లీ ఫీల్డ్ చుట్టూ అన్నీ ఇళ్ళే, కారు పెట్టే చోటు దొరకడం గగనం. ఆడిసన్ స్టేషన్లో దిగితే మైదానం ఎదురుగానే కనిపిస్తుంది. రైల్లోంచే సందడి మొదలైంది. నీలం జెర్సీలు, తాతలు, మనవలు, కూలర్ సంచులు. వీపు మీద జపాన్ ఆటగాడు సుజుకీ పేరున్న జెర్సీలతో జపాన్ కుటుంబాలు కూడా ఉన్నాయి.

ఈ మైదానం 1914 నాటిది. 1916 నుంచి కబ్స్ ఇక్కడే ఆడుతున్నారు. 1988 ఆగస్టు దాకా ఇక్కడ ఫ్లడ్ లైట్లే లేవు, ఆటంతా పగలే. ఇప్పటికీ శుక్రవారం ఆటలు చాలావరకు మధ్యాహ్నం 1:20కి మొదలవుతాయి. పని ఎగ్గొట్టి ఎండలో కూర్చుని ఆట చూడటంలో ఉన్న హాయి రాత్రి ఆటలో రాదు. ఇది మాత్రం నేను గట్టిగా నమ్ముతాను.

మా సీట్లు మూడో బేస్ (పరుగెత్తేవాడి మూడో మజిలీ) వైపు పై అంతస్తులో. అక్కణ్ణుంచి మైదానం మొత్తం, కుడివైపు గోడ అవతల ఇళ్ళ మేడల మీద కట్టిన గ్యాలరీలు, వాటి వెనక వచ్చిపోయే రైళ్ళు, ఇంకా వెనక మిషిగన్ సరస్సు నీలంగా కనిపిస్తాయి. సరస్సు మీంచి గాలి లోపలికి కొడుతోంది. అలాంటి రోజున ఎంత గట్టిగా కొట్టినా బంతి గోడ దాటడం కష్టం. గోడ నిండా ఐవీ తీగ, 1937లో నాటినది, ఇప్పుడు పచ్చగా గుబురుగా ఉంది. సెంటర్ ఫీల్డ్ పైన ఉన్న స్కోర్‌బోర్డు కూడా ఆ ఏడాదిదే. దాన్ని ఇవాళ్టికీ మనుషులే లోపల కూర్చుని, నంబర్ల పలకలు చేత్తో మారుస్తూ నడుపుతారు.

తిండి సంగతి. చికాగో హాట్‌డాగ్ బీఫ్‌తో చేస్తారు కాబట్టి అన్న, వదిన నాచోస్ తెచ్చుకున్నారు. ప్లాస్టిక్ హెల్మెట్ తిరగేసి దాన్నిండా పోసి ఇస్తారు, ఇద్దరికీ మిగిలేంత. మామా నేనూ హాట్‌డాగ్ తిన్నాం. గసగసాలు అద్దిన బన్ను, పసుపుపచ్చ మస్టర్డ్, ఉల్లి ముక్కలు, మెరిసిపోయే ఆకుపచ్చ రెలిష్, టమాటా, నిలువుగా కోసిన పికిల్, వెనిగర్‌లో ఊరిన చిన్న చిన్న మిరపకాయలు, పైన సెలరీ ఉప్పు. కెచప్ మాత్రం వెయ్యరు, ఈ ఊళ్ళో అది పట్టింపు. ఆ మిరపకాయ కొరికాక మామ మొహంలో వెలుగొచ్చింది. "అమెరికాల ఇన్నేండ్లకు నోటికి తగిలిందిరా" అన్నాడు.

మొదటి రెండు ఇన్నింగ్స్‌లో మామకి విసుగే. "ఏమీ అయితలేదు కదరా" అంటాడు. కొట్టాల్సిన బంతి తప్పిపోతే స్ట్రైకు, మూడు స్ట్రైకులైతే ఔట్, ముగ్గురు ఔటైతే అవతలివాళ్ళ వంతు, అలా తొమ్మిది ఇన్నింగ్స్ అని చెబుతూ వచ్చాను. మాకు పక్క సీట్లో డెబ్భై దాటిన ఒకావిడ ఉన్నారు. ఒళ్ళో స్కోర్‌కార్డ్, చేతిలో పొట్టి పెన్సిల్. ప్రతి బంతికీ ఏదో గీస్తున్నారు. వదిన ఆడిటర్ కదా, లెక్క కనిపిస్తే ఆగలేదు, అడిగేసింది. ఆవిడ ఎంత సంబరపడ్డారో!

ఒక్కో ఫీల్డర్‌కీ ఒక నంబరు. బంతి వేసే పిచ్చర్ 1, బ్యాటర్ వెనక కూర్చుని పట్టే క్యాచర్ 2, అలా రైట్ ఫీల్డ్‌లో నిలబడేవాడు 9. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ (6) బంతి పట్టి రెండో బేస్‌వాడికి (4), అతను మొదటి బేస్‌వాడికి (3) విసిరి ఇద్దర్ని ఔట్ చేస్తే 6-4-3 అని రాస్తారు. బ్యాటర్ ఊపి తప్పి ఔటైతే కె అక్షరం. బ్యాట్ కదపకుండా చూస్తూ ఔటైతే ఆ అక్షరాన్నే తిరగేసి రాస్తారు. వదిన కిందకి వెళ్ళి తనకో కార్డు కొనుక్కొచ్చింది. నాలుగో ఇన్నింగ్స్ నుంచి ఇద్దరూ తలలు దగ్గర పెట్టి రాసుకోవడమే. ఐదో ఇన్నింగ్స్‌లో బంతి ఒకటి నేలమీద పడి లేచి ఐవీలో ఇరుక్కుంది. ఫీల్డర్ దాన్ని వెతక్కుండా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. అలా నిలబడితే అంపైర్ రెండు బేస్‌లు ఇచ్చేస్తాడు, తీగలో చెయ్యి పెడితే మాత్రం ఆట సాగుతూనే ఉంటుంది. ఆవిడే చెప్పారు. ఇది నాకూ తెలీదు.

చిన్నప్పుడు నాన్న వెంట వచ్చేదాన్ని, ఈ రాయడం ఆయనే నేర్పారు అన్నారావిడ. కబ్స్ 1908 తర్వాత మళ్ళీ వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్, గెలిచింది 2016లో. మధ్యలో 108 ఏళ్ళు. ఆ గెలుపు రోజుల్లో జనం వచ్చి ఈ మైదానం బయటి ఇటుక గోడల మీద, గెలుపు చూడకుండానే పోయిన తమవాళ్ళ పేర్లు సుద్దముక్కలతో రాశారు. గోడలు నిండిపోయాయి. ఆవిడా వచ్చి వాళ్ళ నాన్న పేరు రాశారట. వాననీళ్ళకి పోతుందని తెలుసు, అయినా రాశానన్నారు.

మామ ఆ మాటలన్నీ వింటూ కూర్చున్నాడు. పోయినేడు వాళ్ళ నాన్నగారు పోయారు. హన్మకొండ వెళ్ళి కర్మలు చేసి పది రోజుల్లో తిరిగొచ్చి లాగిన్ అయిపోయాడు. ఫోన్‌లో నేనెప్పుడు అడిగినా "బానే ఉన్నరా" అనేవాడు. ఇవాళ ఆరో ఇన్నింగ్స్‌లో, కళ్ళు మైదానం మీదే ఉంచి, "మా బాపు గూడ గిట్లనే రాస్తుండె" అన్నాడు. రేడియోలో క్రికెట్ కామెంటరీ వింటూ, బడిలో పిల్లలు రాయకుండా వదిలేసిన నోటుబుక్కుల కాగితాల మీద బాల్ బాల్‌కీ స్కోరు రాసుకునేవారట. ఓవర్‌కో గడి, వికెట్ పడితే ఎర్రసిరా. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీద ఓ కట్ట దొరికింది. అప్పుడు తెచ్చుకోలేదు, చెల్లె దగ్గర ఉన్నాయి.

అక్కడ మొదలై ఏడో ఇన్నింగ్స్ దాకా చెబుతూనే ఉన్నాడు. ఆస్పత్రి సంగతి, వీడియో కాల్‌లో ఆయన చివరిసారి అడిగిన మాట, విమానంలో తనకి నిద్ర పట్టకపోవడం. మధ్యలో పిచ్చర్ బంతి వేస్తాడు, జనం అరుస్తారు, మామ ఆగుతాడు, మళ్ళీ అందుకుంటాడు. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడనక్కర్లేదు. అందరి కళ్ళూ ఒకే వైపు ఉన్నప్పుడు మనసులో ఉన్నది బయటికి రావడం తేలిక. పుట్టినరోజు పార్టీలో నిలబెట్టి అడిగితే ఈ మాటలు ఎప్పటికీ వచ్చేవి కావు. నాకీ ఆట మీద ఇష్టం ఇవాళ పదింతలయింది.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి పాడే పాటకి మేమూ లేచాం. మామ మాటలు రాకపోయినా గొంతు కలిపాడు. కబ్స్ ఓడిపోయారు. స్కోర్‌బోర్డు మీద తెల్ల 'ఎల్' అక్షరంతో నీలం జెండా ఎగరేశారు. గెలిస్తే తెల్ల జెండా, నీలం 'డబ్ల్యూ' అక్షరం. రైల్లో వెళ్ళేవాళ్ళకి దాన్ని చూస్తే ఫలితం తెలిసిపోతుంది. పక్కావిడ పెన్సిల్ పర్సులో పెట్టుకుంటూ, రేపు మళ్ళీ ఉంది కదా అన్నారు. సీజన్‌కి 162 ఆటలు, ఒక్క ఓటమికి ఎవరూ కుంగిపోరు.

సాయంత్రం ఉత్తరం వైపు రైలెక్కి ఆర్గైల్‌లో దిగాం. వియత్నాం యుద్ధం తర్వాత వచ్చిన శరణార్థులు నిలబెట్టిన వీధి ఇది. వేడివేడి ఫో (నూడుల్స్ సూప్) గిన్నెలు, తులసి రెమ్మలు, నిమ్మబద్దలు. వదినకి టోఫూ, కూరగాయలతో చేసిచ్చారు. తిని నడుస్తూ పాత ఎసనే స్టూడియో భవనం చూపించాను. 1915లో చాప్లిన్ ఒక సినిమా తీసింది ఇక్కడే. అన్న ఆ గుమ్మం ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు. అన్నకి చాప్లిన్ అంటే ప్రాణం.

రాత్రికి గ్రీన్ మిల్ అనే జాజ్ క్లబ్. లారెన్స్, బ్రాడ్‌వే మూల మీద పచ్చ నియాన్ దీపాల బోర్డు. 1907 నుంచి ఏదో ఒక పేరుతో నడుస్తున్న చోటు. మద్యనిషేధం రోజుల్లో గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ మనుషుల అడ్డా. బ్యాండ్ వాయిస్తుంటే కబుర్లు చెప్పకూడదు, చెబితే వచ్చి ఊరుకోమంటారు. ఆ పద్ధతి నాకెంతో నచ్చుతుంది. పగలంతా మాట్లాడాం, ఇక రెండు గంటలు వినడమే. డ్రమ్స్ వాయించే ముసలాయన చేతిలో బ్రష్షులు తోలు మీద రాసుకుంటుంటే ఆ సన్నటి చప్పుడు మా టేబుల్ దాకా వినిపించింది. అన్న కళ్ళు మూసుకుని వేళ్ళతో తాళం వేస్తూనే ఉన్నాడు. మృదంగం నేర్చుకున్న చేతులు కదా.

అన్నావాళ్ళు నేపర్‌విల్ చేరామని ఇప్పుడే మెసేజ్ పెట్టారు. మామ హాల్లో సోఫా మీద కూర్చుని చెల్లెతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. అక్కడ పగలే. ఆ నోటుబుక్కుల కట్ట జాగ్రత్తగా పెట్టమని, సంవత్సరీకానికి వచ్చినప్పుడు తనే తీసుకెళ్తానని చెబుతున్నాడు. వదిన వచ్చే నెల మళ్ళీ వెళ్దామంటోంది, ఈసారి మిల్వాకీ మైదానానికి, తొంభై మైళ్ళే కదా అని. మామ రాగలిగే వారం చూసుకుని చెబుతానన్నాడు. టికెట్లు నా వంతు.