హుద్‌హుద్ తెచ్చిన కబురు

విశాఖపట్నంలో హుద్‌హుద్ అన్న మాట వింటే ఎవరికైనా 2014 అక్టోబరు 12, ఆదివారం గుర్తుకు వస్తుంది. మేము బక్రీద్ జరుపుకొని అప్పటికి ఆరు రోజులే అయింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో తీరం దాటిన ఆ గాలికి కైలాసగిరి పచ్చదనం ఒక్క పగటిలో మోడువారింది, ఊరంతటా పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. ఆ తుపానుకు ఆ పేరు సూచించిన దేశం ఒమన్. అది ఒక పిట్ట పేరని, ఆ పిట్ట పలికిన మాటలు దివ్య ఖుర్‌ఆన్‌లో ఉన్నాయని మన ఊరిలో చాలామందికి ఆ తర్వాతనే తెలిసింది.

27వ అధ్యాయమైన సూరహ్ నమ్ల్‌లో ఆ వృత్తాంతం ఉంది. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) తన పక్షుల దళాన్ని పరిశీలిస్తూ హుద్‌హుద్ లేకపోవడం గమనిస్తారు. కాసేపటికే అది వచ్చి, సబా దేశం నుంచి రూఢి అయిన కబురు తెచ్చానంటుంది. అక్కడ ఒక స్త్రీ ఏలుతోందని, ఆమెకు లేని సంపద లేదని, ఆమెకు గొప్ప సింహాసనం ఉందని చెప్పి, ఆ వెంటనే, ఆమె, ఆమె ప్రజలు అల్లాహ్‌ను విడిచి సూర్యునికి సజ్దా (నుదురు నేలకు ఆన్చి మొక్కడం) చేస్తున్నారని చెబుతుంది. ఈ రెండు మాటలు పక్కపక్కనే రావడం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఇచ్చినవాడు ఒకడు, వారు తలవంచినది మరొకరికి. పిట్టను కలచివేసిన సంగతి అదే. ఆకాశాల్లోనూ భూమిలోనూ దాగి ఉన్నదాన్ని వెలికితీసే అల్లాహ్‌కు వారు సజ్దా చేయకపోవడమేమిటని అది బాధపడుతుంది. నేల అడుగున నీటి జాడను కనిపెట్టే శక్తి హుద్‌హుద్‌కు ఉండేదని వ్యాఖ్యాతలు రాశారు. పొడవాటి ముక్కును మట్టిలో దూర్చి ఆహారం వెతుక్కునే ఆ చిన్న ప్రాణి, దాగినదాన్ని వెలికితీసేవాడని తన ప్రభువును కొనియాడినప్పుడు, తాను తిన్న ప్రతి గింజా, ప్రతి పురుగూ ఎవరు పెట్టినవో చెప్పుకున్నట్టే ఉంది.

సబా ప్రజల పొరపాటు మనకు అంత దూరమైనదేమీ కాదు. సూర్యుని వల్ల వెలుగు వస్తుంది, పంట పండుతుంది, ఆ మేలు కల్ల కాదు. కానీ వారి కృతజ్ఞత మేలును మోసుకొచ్చిన దాని దగ్గరే ఆగిపోయి, పంపినవాడి దాకా వెళ్లలేదు. తౌహీద్‌ను, అంటే దేవుడు ఒక్కడేనన్నదాన్ని, విశ్వాసానికి సంబంధించిన పాఠంగానూ, షుక్ర్‌ను, అంటే కృతజ్ఞతను, ఒక మంచి గుణంగానూ విడివిడిగా బోధించడం మనకు అలవాటైంది, అది సరికాదని నా అభిప్రాయం. ఖుర్‌ఆన్ భాషలో షుక్ర్‌కు ఎదురుమాట కుఫ్ర్. ఆ మాటకు మూలార్థం కప్పివేయడం. అందుకే సూరహ్ హదీద్‌లో విత్తనాన్ని మట్టితో కప్పే రైతులకు కూడా కుఫ్ఫార్ అన్న మాటే వాడబడింది. చేసిన మేలును కప్పిపెట్టడం, చేసినవాడిని కాదనడం ఒకే మాటలో ఇమిడిపోయాయి. సూరహ్ జుమర్ 66వ వాక్యం కూడా ఈ రెంటినీ విడదీయదు: అల్లాహ్‌నే ఆరాధించు, కృతజ్ఞుల్లో ఒకడివై ఉండు అంటుంది.

తుపాను నాటి పగలు కిటికీ రెక్కలు ఊడిపోతుంటే మా ఇంటిల్లిపాదీ నడిమి గదిలో గోడకు ఆనుకొని కూర్చున్నాం. ఎవరో గాలిని తిట్టబోతే మా అమ్మ వారించింది. "గాలిని తిట్టకూడదు నాయనా, అది తనంతట తాను రాలేదు. దానిలోని మేలును అడగండి, కీడు నుంచి కాపాడమనండి" అంది. అది దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పినదే. ఆ కొన్ని గంటలూ మా నోట అల్లాహ్ పేరు తప్ప మరొకటి రాలేదు. తర్వాత కరెంటు లేక, నీళ్లు లేక, ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడి రోజులు గడిపాం. కరెంటు వచ్చిన రాత్రి వీధంతా కేకలు వేసింది, నేను కూడా వేశాను. ఫోనుకు చార్జింగ్ పెట్టి, అందరి క్షేమసమాచారాలు కనుక్కుంటూ, రాత్రి చేసే ఇషా నమాజును అర్ధరాత్రి దాకా వాయిదా వేశాను. ఓడలో ఉన్నప్పుడు చిత్తశుద్ధితో అల్లాహ్‌నే వేడుకొని, ఆయన ఒడ్డుకు చేర్చగానే ఇతరులను సాటి కల్పించేవారి గురించి సూరహ్ అన్‌కబూత్ 65వ వాక్యం చెబుతుంది. నేను ఎవరినీ సాటి కల్పించలేదు, నిజమే. అయినా ఒడ్డుకు చేరిన మనిషి మరపు ఎలా ఉంటుందో ఆ రాత్రి నాకు తెలిసింది.

ఇతర జిల్లాల నుంచి వచ్చి, రాత్రింబవళ్లు స్తంభాలెక్కి తీగలు సరిచేసిన విద్యుత్ సిబ్బందికి మేము చేతులు పట్టుకొని కృతజ్ఞతలు చెప్పాం. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞత చూపనట్టేనని దైవప్రవక్త బోధించారు. కనుక తౌహీద్ మనుషుల మేలును చిన్నబుచ్చదు. మేలు చేసినవారికి మర్యాద, ప్రేమ, దుఆ (వారి కోసం ప్రార్థన) అన్నీ చెందుతాయి. సజ్దా మాత్రం చెందదు.

రాజ్యమంతా చేతిలో ఉన్న సులైమాన్ ఈ సూరహ్‌లోనే చీమ మాట విని చిరునవ్వు నవ్వి, నీ అనుగ్రహానికి కృతజ్ఞత చెప్పే బుద్ధిని నాకు ప్రసాదించు ప్రభూ అని వేడుకున్నారు. కృతజ్ఞతను కూడా ఆయన అడిగి తీసుకున్నారు. సబా సింహాసనం రెప్పపాటులో తన ఎదుట నిలిచినప్పుడు, ఇది నా ప్రభువు అనుగ్రహం, నేను కృతజ్ఞుడినవుతానో కృతఘ్నుడినవుతానో పరీక్షించడానికే అన్నారు. చివరికి ఆ రాణి సత్యాన్ని గ్రహించినప్పుడు పలికిన మాటను వలీలను (పుణ్యపురుషులను), పెద్దలను ప్రేమించే మనం మరీ శ్రద్ధగా వినాలి. సులైమాన్‌కు లొంగిపోయానని ఆమె అనలేదు. సులైమాన్‌తో కలిసి, సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కు లొంగిపోయానంది. ప్రవక్త ఆమె పక్కన నిలబడ్డారు, ఇద్దరి ముఖాలూ ఒకే వైపు ఉన్నాయి.

సబా రాణి సింహాసనాన్ని "గొప్ప సింహాసనం" అన్న పిట్ట, మూడు వాక్యాల తర్వాత అదే మాటను అల్లాహ్ సింహాసనానికి వాడి తన మాట ముగిస్తుంది. అది, ఖుర్‌ఆన్ చదువుతూ ఆగి సజ్దా చేయవలసిన చోటు. రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజులో ఇమామ్ సాహెబ్ ఆ భాగం చదువుతూ హుద్‌హుద్ అన్నప్పుడు, ఆ ఆదివారాన్ని చూసిన మా వరుసల్లో ఒక కదలిక నాకు తెలుస్తుంది. మరి ఆరు వాక్యాలు గడిచేసరికి అందరి నుదుళ్లూ నేల మీద ఉంటాయి.