నాచు కట్టిన కొండ

జుగ్‌ష్పిట్సె జర్మనీలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ, 2962 మీటర్లు. శిఖరం మీంచి ఆల్ప్స్ చూద్దామని వెళ్లాం. పళ్ల చక్రాల రైలు సొరంగంలోంచి తీసుకెళ్లి శిఖరం కిందున్న మెట్ట మీద దింపింది. దిగేసరికి అంతా మబ్బు. పక్కనున్న మనిషి కనపడితే గొప్ప.

నాతో వచ్చినవాడు భూగర్భశాస్త్రం చదివాడు, వాడికి మబ్బుతో పనేముంది! సున్నపురాతి ముందు గొంతుక్కూర్చుని, "కాసిని నీళ్లు పొయ్యరా" అన్నాడు. పోశాను. తడిసిన రాతిలో తెల్లటి ఉంగరాలు తేలాయి. కొన్ని గుండ్రంగా, కొన్ని కోలగా, పక్కకి ఒరిగినవి చిన్న గొట్టాల్లా. భూతద్దం పెడితే గోడల నిండా సన్నటి కన్నాలు.

"పగడాలా?"

"నాచు. డిప్లొపొరా. 24 కోట్ల ఏళ్ల నాటిది."

నాచు పట్టిన కొండలు చూశాను గానీ, నాచు కట్టిన కొండ చూడటం అదే మొదలు. పొరబడ్డది నేనొక్కణ్నే కాదట. 1872లో జర్మన్ భూగర్భశాస్త్రవేత్త గ్యుంబెల్ వీటిని ఫొరామినిఫెరాల్లో, అంటే గుల్ల కట్టుకునే ఏకకణ జీవుల్లో కలిపేశాడు. 1877లో ఫ్రెంచి శాస్త్రవేత్త మ్యూనియే-షాల్మాస్ ఇప్పటి సముద్రపు నాచులతో పోల్చి, ఇవి ఆకుపచ్చ శైవలాలని తేల్చాడు.

ఈ నాచుకి నడుమ కాడ, చుట్టూ కొమ్మలు, వాటి మీద సున్నం పూత. మొక్క కుళ్లిపోయి పూత మిగిలింది, కొమ్మలున్న చోట కన్నాలు. మనిషి పోయాక చొక్కా మిగిలినట్టు. చేతులెక్కడుండేవో చొక్కాయే చెప్పాలి. వియన్నాలో శిలాజాల శాస్త్రవేత్త యూలియస్ పియా 1920లో ఈ కన్నాల అమరికతోనే వంశవృక్షం గీశాడు: మొదట చెల్లాచెదురు కొమ్మలు, తర్వాత కాడ చుట్టూ వరసలు. డిప్లొపొరాలో కొమ్మలు గుత్తులు గుత్తులుగా ఉండి, ఆ గుత్తులే వరస తీరతాయి. బీజాల చోటు కూడా కాడలోంచి కొమ్మల్లోకి, అక్కణ్నుంచి ప్రత్యేక అవయవాల్లోకి మారిందన్నాడు. వినడానికి బాగుంది. నాకైతే అంత చక్కటి నిచ్చెన మీద అనుమానమే. ఒకే పోలిక రెండు శాఖల్లో విడివిడిగా పుట్టొచ్చు. సున్నం సంగతే చూడండి: హాలిమేడా కూడా సున్నం కట్టే ఆకుపచ్చ నాచే, కానీ దాని గణం వేరు. సున్నం ఉన్నంత మాత్రాన తోబుట్టువులైపోవు.

నన్ను ఆపేసింది మాత్రం ఇంకో మాట. ఈ వంశంలో నేటికీ బతికున్న అసిటబులేరియా గొడుగులా సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. అయినా అదంతా ఒక్కటే కణం! కేంద్రకం అడుగున వేరు దగ్గర ఉంటుంది. 1930లలో జర్మన్ జీవశాస్త్రవేత్త హామర్లింగ్ ఒక జాతి కాడని మరో జాతి వేరుకి అంటుకట్టి, గొడుగు ఆకారాన్ని నిర్ణయించేది ఆ అడుగునున్న కేంద్రకమేనని చూపించాడు. అంటే ఈ ఉంగరం కూడా ఒంటి కణం తొడుక్కున్న చొక్కాయేనేమో.

"ఇంకాసిని పొయ్యి," అన్నాడు వాడు.

సీసా ఖాళీ. రాయి ఆరుతుంటే ఉంగరాలు ఒక్కొక్కటే రాతి రంగులో కలిసిపోయాయి.