అల్లుడుగారి పప్పు ఉడకలేదు

ఆషాఢం, ఆదివారం రాత్రి

పొద్దున్న ఐదున్నరకి లేచేసరికి సన్నగా జల్లు పడుతోంది. వంటింటి గట్టు మీద రాత్రి మూటగట్టిన మునగాకు అలాగే ఉంది. తువ్వాలు విప్పి, రెమ్మలు గుప్పిట్లో పట్టుకుని రెండుసార్లు విదిలిస్తే ఆకంతా జలజలా రాలిపోయింది, పుల్లలు చేతిలో మిగిలాయి. ఒలుచుకోలేక చాలామంది మునగాకు జోలికే పోరు. కడగకుండా, తడి లేకుండా రాత్రి పొడి తువ్వాల్లో గట్టిగా చుట్టి పెడితే తెల్లారేసరికి కాడల పట్టు వదులుతుంది. ఆ తర్వాత పుల్లలేరుకుని కడుక్కోవడమే.

ఇవాళ చెల్లెలి కూతురు వచ్చింది. మాఘమాసంలో పెళ్ళయింది, ఆషాఢానికని కొవ్వూరులో పుట్టింటికి చేరింది. హైదరాబాద్‌లో మొగుడూ పెళ్ళాం ఇద్దరివీ ఉద్యోగాలే. నెల రోజులు ఇంటి నుంచే పని చేసుకోవడానికి ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారట. మొన్న ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఆదివారం నీ దగ్గరికి వస్తా, నాకు నాలుగు వంటలు నేర్పాలి. ఆర్డర్లు పెట్టుకుని తినీ తినీ విసుగొచ్చేసింది" అంది. ఆ మాట వినగానే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. రాత్రి నిద్రపోయే ముందు కూడా ఏం వండాలా అనే ఆలోచనే.

తొమ్మిదింటికి తడిసిన గొడుగుతో గుమ్మంలోకి వస్తూనే, "గోదారికి ఎర్రనీళ్ళొచ్చేశాయి పెద్దమ్మా! బ్రిడ్జి ఎక్కగానే బస్సులో అందరూ కిటికీల దగ్గరికి చేరిపోయారు" అంది. పైన ఎక్కడో కురిసిన వాన మట్టిని మోసుకొచ్చి మా రాజమండ్రి రేవుల్లో నీటి రంగు మార్చేస్తే గానీ మాకు ఆషాఢం వచ్చినట్టుండదు. ఎర్రనీళ్ళు, ఇంట్లో మునగాకు, ఆడపిల్లల చేతులకి గోరింటాకు, మూడూ ఒకేసారి వస్తాయి.

చేతులు కడుక్కుని వచ్చి ఫోన్ తీసింది. "కొలతలు చెప్పు, రాసుకుంటా" అంది. "కొలతలు తర్వాత చెప్తానే, ముందు ఎందుకో తెలుసుకో" అన్నాను.

ఈ మాట నేను చాలా ఏళ్ళుగా అనుకుంటున్నదే. నాకు వంట నేర్పినవాళ్ళు చేతిలో అమృతం ఉన్నవాళ్ళు. కానీ ఎందుకని అడిగితే "అలాగే చెయ్యాలి" అనేవాళ్ళు, అంతే. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు పప్పులో చింతపండు ముందే వేసి పొయ్యి మీద పెట్టేశాను. రెండు గంటలు ఉడికించినా బద్ద బద్దలాగే ఉంది. మామగారు మారు మాట్లాడకుండా అదే కలుపుకుని తిన్నారు. ఆయన మంచితనానికి ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. చింతపండు ఆఖర్న వెయ్యాలని అత్తయ్యగారు చెప్పారు. ఎందుకో చెప్పలేదు, ఆవిడకీ ఎవరూ చెప్పి ఉండరు. కారణం తెలియనప్పుడు ఒక వంటలో చేసిన తప్పే ఇంకో వంటలోనూ చేస్తాం. కారణం తెలిస్తే కొత్త వంట కూడా బెదురు లేకుండా మొదలుపెట్టొచ్చు.

మునగాకు తెలగపిండి కూరతో మొదలుపెట్టాం. తెలగపిండి అంటే నువ్వులు గానుగాడి నూనె తీశాక మిగిలే పిండి. మా వైపు బాలింతలకి వండి పెడతారు. దానికి ఇది తెలియదు, "పిండితో కూరేంటి?" అని వింతగా చూసింది. గ్లాసు నీళ్ళల్లో ఉప్పు, పసుపు వేసి మరిగించి, రెండు గుప్పిళ్ళ మునగాకు వేసి మెత్తబడనిచ్చాం. ఆ పైన గ్లాసు తెలగపిండి జల్లి, మూత పెట్టి మంట తగ్గించాం. పిండి నీళ్ళు పీల్చుకునేదాకా కలపకూడదు, కలిపితే ముద్దయిపోతుంది. నీళ్ళు పీల్చుకున్నాక అట్లకాడతో చిదిపితే పొడిపొడిగా విడిపోతుంది. ఆఖర్న దంచిన వెల్లుల్లితో పోపు, అంతే.

ఇంతలో అల్లుడుగారి దగ్గర్నుంచి వీడియో కాల్. పాపం, అక్కడ ఒక్కడూ టమాటా పప్పు వండుతున్నాడు. కుక్కర్ మూత తీసి గిన్నెలోకి చూపించాడు. పప్పు పప్పులాగే, నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"అత్తయ్యగారూ, ఆరు కూతలు రానిచ్చానండీ. పప్పు పాడైపోయిందంటారా?"

"పాడవలేదు బాబూ, కంగారు పడకండి. టమాటా, చింతపండు ముందే వేసేశారా?"

"వేశానండీ. అన్నీ కలిపి పెట్టేస్తే పనైపోతుంది కదా అని."

"నీళ్ళు ఏవి పోశారు?"

"కుళాయివేనండీ. బోరు నీళ్ళు."

రెండు కారణాలూ దొరికాయి. పులుపు తగిలితే పప్పుగింజ తొందరగా మెత్తబడదు. పైగా బోరు నీళ్ళల్లో సున్నం ఉంటుంది, అదీ గింజని గట్టిపరుస్తుంది. అందుకే పప్పు విడిగా, తాగే నీళ్ళతో ఉడికించి, మెదిపాకే పులుపు వెయ్యాలి. కందిపప్పు పాతదైతే ఇంకాస్త సేపు తీసుకుంటుంది, అరగంట ముందు నానబెట్టుకుంటే ఆ బాధ ఉండదు. చుక్క నూనె వేస్తే పొంగు కూడా తగ్గుతుంది. పప్పూ నీళ్ళూ కలిపి కుక్కర్‌లో సగానికి మించకుండా చూసుకోవాలి. ఇదంతా చెప్పి, ఆ పప్పు పారబొయ్యొద్దని, ఇంకో గ్లాసు మంచినీళ్ళు పోసి మళ్ళీ పెట్టి, మెత్తబడకపోతే గరిటెతో మెదిపి చారులా చేసుకోమని చెప్పాను. "సరేనండీ" అని ఎంతో శ్రద్ధగా విన్నాడు. పెళ్ళాం ఊళ్ళో లేనప్పుడు బయట తినకుండా పొయ్యి వెలిగించిన కుర్రాడు, ఆ ఒక్క విషయానికే నాకు అతని మీద గౌరవం పెరిగింది.

అన్నం కూడా ముద్దవుతోందన్నాడు. కొత్త బియ్యమట. పాత బియ్యానికి గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు సరిపోతాయి, కొత్తవాటికి గ్లాసున్నర పోసి చూసుకోవాలి. బస్తా మీద బీపీటీ అని ఉందట. అది బాపట్ల పేరే అని చెప్తే ఇద్దరూ ఆశ్చర్యపోయారు. బాపట్ల వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి అది, బీపీటీ 5204. మన కంచాల్లోకి సన్నబియ్యం రావడంలో ఆ ఊరి చలవ చాలా ఉంది.

ఫోన్ పెట్టేశాక పోపు దగ్గరికి వచ్చాం. తెలుగు వంట రుచి సగం పోపులోనే ఉందని నా నమ్మకం, కాబట్టి ఇక్కడ తొందర పడనివ్వలేదు. గరిట దాని చేతికే ఇచ్చి పక్కన నిలబడ్డాను. నూనె కాగిందో లేదో తెలియడానికి ఒక్క ఆవగింజ వేసి చూడమన్నాను. అడుగుకి దిగి ఊరుకుంటే ఇంకా కాగలేదు, వేసీ వెయ్యగానే నల్లబడితే మంట ఎక్కువైంది. దిగిన గింజ చుట్టూ బుడగలొచ్చి నాలుగు క్షణాల్లో టప్‌మంటే అదీ సమయం. గింజలో ఉన్న తడి ఆవిరై బయటికి తన్నుకొస్తేనే ఆ చిటపట. చిటపటలాడని ఆవాలు నోట్లో చేదుగా తగులుతాయి.

ముందు మినప్పప్పు, దానికి ఎక్కువ టైం పడుతుంది కాబట్టి. అది లేత గులాబీ రంగుకి తిరుగుతుండగా ఆవాలు, అవి సద్దుమణుగుతుండగా జీలకర్ర. మెంతులు నాలుగే గింజలు, ఎర్రబడితే చాలు, ముదురు రంగు వచ్చాయా చేదెక్కుతాయి. తర్వాత ఎండుమిర్చి. అక్కడ పొయ్యి కట్టేయించాను. "ఇంకా ఇంగువ, కరివేపాకు వెయ్యలేదుగా?" అంది. నూనెలో వేడి ఉంటుంది, వాటికది చాలు. కరివేపాకు తుడిచి వేస్తే మీదకి చిందదు. ఇంగువ వెయ్యగానే వంటిల్లంతా ఆ వాసన. దాని మొహం విప్పారింది. "ఇది మా అమ్మ వంటింటి వాసన" అంది.

ఇంగువ ఏ చెట్టుకి కాస్తుందని అడిగింది. కాయ కాదే, ఒక మొక్క వేరు కోస్తే కారే పాలు ఎండితే ఇంగువ. ఎక్కువగా అఫ్ఘనిస్తాన్, ఇరాన్ నుంచే మనకి వస్తుంది. 2020లో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మన శాస్త్రవేత్తలు మొక్కలు నాటించారు. ఎక్కడో చలి కొండల్లో పుట్టేది మన పులిహోరలోకి ఇంతగా ఎలా కలిసిపోయిందో అని నాకు ఎప్పుడూ అబ్బురంగా ఉంటుంది. డబ్బాల్లో కొనే పొడిలో గోధుమ పిండో మైదానో, జిగురూ కలుపుతారు, అది నూనెలో తొందరగా మాడుతుంది. ముద్ద ఇంగువ కొనుక్కుని చిన్న ముక్క నీళ్ళలో నానేసి ఉంచుకుంటే, పులుసుల్లోకి చెంచాడు నీళ్ళు చాలు.

బీరకాయలు నాలుగు ఉన్నాయి. కోసే ముందు ప్రతి కాయ చివరా చిన్న ముక్క కొరికి చూడమన్నాను. చేదుగా ఉంటే ఉమ్మేసి ఆ కాయ మొత్తం పారెయ్యాలి. ఉప్పూ కారం వేస్తే సర్దుకుంటుందిలే అనుకోకూడదు, బీర, సొర, దోస జాతి కాయల్లో ఆ చేదు కడుపులో వికారం, వాంతులు తెప్పిస్తుంది. మూడు తియ్యగా ఉన్నాయి, ఒకటి చేదు. ఆ మూడింటి ముక్కలతో పాలు పోసిన కూర. నీళ్ళు పొయ్యకుండా మూత పెట్టి, బీరకాయ తన నీళ్ళలో తను ఉడికాక, మంట తగ్గించి కాచిన పాలు. పొట్టు నేతిలో వేయించి, పచ్చిమిర్చి, చింతపండు, వేయించిన నువ్వులతో రోట్లో పచ్చడి. పొట్టు పారేస్తారనుకుందట ఇన్నాళ్ళూ. పచ్చడి నాలిక మీద పెట్టుకుని, "దీనికోసమైనా బీరకాయ కొనొచ్చు పెద్దమ్మా" అంది.

పప్పులో ఉప్పు కాస్త ఎక్కువేసింది. బంగాళదుంప వేస్తే లాగేస్తుందట కదా అని అడిగింది. దుంప పప్పులోని నీళ్ళతో పాటు దాని వంతు ఉప్పు పీలుస్తుంది, మిగిలిన పప్పు ఉప్పగానే ఉంటుంది. ఇంకాస్త ఉడికిన పప్పు, వేడినీళ్ళు కలపడమే మార్గం. అందుకే ఉప్పు రెండు విడతలుగా వేసుకోవాలి.

భోజనాలయ్యాక, వాన గట్టిపడింది. వసారాలో కూర్చుని దాని సంసారం కబుర్లు. వంట దగ్గర ఇద్దరికీ మాటా మాటా వస్తోందట. ఆకలి మీద ఉన్నప్పుడు ఏ పంచాయితీ పెట్టొద్దన్నాను, ముందు రెండు ముద్దలు తిని తర్వాత ఏదైనా మాట్లాడుకోండి అన్నాను. సాయంత్రం ఏం వండాలో పొద్దున్న టీ తాగేటప్పుడే అనేసుకోవాలి. అలిసిపోయి ఇంటికొచ్చాక ఏం వండాలన్న ప్రశ్నే పెద్ద టెన్షన్, వంట తర్వాతి సంగతి. ఒకరు వండితే గిన్నెలు ఇంకొకరు తోమాలి. ఇంట్లో ఎప్పుడూ ఒక పొడి, ఒక పచ్చడి, కాస్త పెరుగు ఉండేలా చూసుకుంటే అన్నం ఒక్కటి పడేసినా పూట గడిచిపోతుంది. ఆవకాయ జాడీలోంచి వారానికి సరిపడా చిన్న సీసాలోకి పొడి గరిటెతో తీసుకుని, ముక్కల పైకి నూనె తేలేలా సర్ది, మళ్ళీ వాసెన కట్టెయ్యాలి. రోజూ జాడీ తెరిస్తే తడి చేరి బూజు పడుతుంది. తీసుకెళ్ళడానికి రెండు కేజీలు సర్దిపెట్టాను.

సాయంత్రం వాన తెరిపివ్వగానే పెరట్లోకి వెళ్ళి గోరింటాకు దూసుకొచ్చింది. రోట్లో వేసి, చిన్న చింతపండు రెబ్బ కూడా వేశాను. వెంటనే నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు పెద్దమ్మా. పప్పుని ఉడకనివ్వని చింతపండు, గోరింటాకుని ఎలా పండిస్తుంది?"

నాకు ఎంత ముచ్చటేసిందో! పొద్దున్న చెప్పిన మాట మనసుకి పట్టింది. పులుపు గింజని గట్టిపరుస్తుంది గానీ, ఈ ఆకులో దాగిన రంగుని బయటికి తెస్తుంది అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే నిమ్మకాయ పిండినా పండుతుందా?" అంది. పండుతుందన్నాను.

రెండు చేతులకీ ముద్దగా పెట్టాను, అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకి టోపీలు. ఎనిమిదింటికి ఆకలేస్తోందంది. చేతులు కదపడానికి లేదు. పెరుగన్నం మెత్తగా కలిపి, ఆవకాయ ముక్క చిదిపి నంజుపెట్టి ముద్దలు తినిపించాను. చిన్నప్పుడు వేసవి సెలవులకి వచ్చినప్పటిలాగే ముద్ద ముద్దకీ నోరు తెరుస్తూ, మధ్యలో అల్లుడుగారి ఫోన్ వస్తే నన్నే ఎత్తమంది. రెండోసారి పెట్టాక పప్పు మెత్తబడిందట. చారు చేసి పక్కింటి స్నేహితుడికి కూడా పెట్టాడట. ఖాళీ గిన్నె చూపించాడు.

"పెద్దమ్మా, రేపటికి పెరుగు ఉందా?" అని అడిగింది. వాన చల్లదనానికి ఆలస్యంగా తోడుకుంటుంది, ఇప్పుడే వెయ్యాలి. పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చిటికెన వేలు పెట్టి చూశాను. చెంచాడు పెరుగు కలిపి, గిన్నెకి తువ్వాలు చుట్టి, పొయ్యి పక్కన పెట్టి వచ్చాను. అది అప్పటికే చేతులు రెండూ పైకి పెట్టుకుని నిద్రపోయింది.