గుడి దగ్గర టవర్‌కు ఎన్‌ఓసీ: టేపు ఎక్కణ్ణుంచి పట్టాలన్నదే అసలు గొడవ

ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే అనుమతి పత్రం) చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, టవర్ సైట్ల పని చేసేవాళ్ళకు అక్కరకొస్తుంది. వరంగల్ ప్రాంతంలో కేంద్ర రక్షణలో ఉన్న ఒక కాకతీయుల నాటి గుడి దగ్గర 30 మీటర్ల సెల్ టవర్ కోసం నడిచిన ఫైలు ఇది.

స్థలం లీజు, మట్టి పరీక్ష, స్ట్రక్చరల్ సర్టిఫికెట్, కేంద్ర టెలికం శాఖ ఇచ్చే సాక్ఫా క్లియరెన్స్ అన్నీ మామూలుగా అయిపోయాయి. వాటి గురించి చెప్పేదేమీ లేదు.

1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో సవరణ వచ్చింది. దాని ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, అక్కడ కొత్త నిర్మాణానికి అనుమతి లేదు. ఆ తర్వాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ కట్టాలంటే కాంపిటెంట్ అథారిటీకి (ఈ అనుమతులిచ్చే అధికారికి) ఫారం 1లో దరఖాస్తు పెట్టాలి. వాళ్ళు 15 రోజుల్లో దాన్ని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి, ఆ సంస్థ రెండు నెలల్లో తన సిఫార్సు చెప్పాలి, అది అందిన నెలలోపు కాంపిటెంట్ అథారిటీ అనుమతో తిరస్కారమో ఇవ్వాలి. అనుమతి లేకుండా కడితే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నీళ్ళ పనులు, కరెంటు సరఫరా లాంటి ప్రజా సౌకర్యాలను చట్టం నిర్మాణంగా లెక్కించదు కాబట్టి టవర్‌కూ అదే వర్తిస్తుందని కొందరు కాంట్రాక్టర్లు ధైర్యం చెబుతారు. ఆ మాట నమ్ముకుని కాంక్రీటు పోయకండి.

ఇక దూరం సంగతి. చట్టంలో ఉన్నది రక్షిత హద్దు. అంటే గుడి గోడ కాదు, ప్రహరీ కాదు, పురావస్తు శాఖ పెట్టిన నీలం బోర్డు అంతకన్నా కాదు. గెజిట్ నోటిఫికేషన్‌లో ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం రాశారో ఆ గీత నుంచే కొలవాలి. మా సైట్‌ను ఒక కార్యాలయం నుంచి వచ్చిన సిబ్బంది మొదట ప్రహరీ నుంచి టేపు పట్టి 118 మీటర్లని రాశారు. తర్వాత అదే కార్యాలయంలో ఇంకొకాయన ఫోన్ మ్యాప్ తెరిచి, కోనేటి అవతలి గట్టు మీద వేలు పెట్టి, 94 అన్నాడు. నోటిఫికేషన్ నకలు చూపిస్తే చూడలేదు. "మీ కంపెనీలకు గుడైనా ఒకటే గోడౌనైనా ఒకటే" అని నలుగురి ముందు అని, ఫైలు బల్ల మీదికి విసిరాడు. నిజంగా 94 అయ్యుంటే ఆ సైట్‌ను నేనే వదిలేసేవాణ్ణి. ఈ గుళ్ళ విలువ నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

దీనికి ఒకటే మందు. గెజిట్ నకలు, గ్రామ నక్షా, ఆ సర్వే నంబరు టిప్పణ్ (కొలతలున్న పటం) మూడూ తెచ్చుకోవాలి. సర్వేయర్‌తో హద్దు రాళ్ళు గుర్తింపజేసి, వాటి మీద డీజీపీఎస్ (కచ్చితంగా కొలిచే జీపీఎస్ పరికరం) పెట్టించాలి. ఫోన్ జీపీఎస్ ఐదారు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, గీత దగ్గర అంత తేడాకు ఫైలు చచ్చిపోతుంది. ఇటువైపు కూడా టవర్ మధ్య బిందువు నుంచి కాకుండా, జనరేటర్ దిమ్మె, ఫెన్సింగ్ పునాది కలుపుకుని గుడికి అన్నిటికన్నా దగ్గరున్న అంచు నుంచి కొలవాలి. అలా కొలిస్తే మాది 106 వచ్చింది. ఆ స్కెచ్ మీద సర్వేయర్ సంతకం పడ్డాక ఎవరూ నోరెత్తలేదు. ఈ మొత్తం పని దరఖాస్తుకు ముందే చేయించండి. కన్సల్టెంట్ "తర్వాత చూద్దాం" అంటే కన్సల్టెంట్‌ను మార్చండి.

దూరం కుదిరినంత మాత్రాన గుడికి నష్టం లేనట్టు కాదు. టవర్ ఎక్కణ్ణుంచి, దేని వెనక కనిపిస్తుందన్నదే అసలు ప్రశ్న. రామప్పలో నంది మండపం దగ్గర నిలబడి గుడిని చూసే చూపు లాంటిది ప్రతి గుడికీ ఒకటుంటుంది. శిఖరం వెనక ఇనుప మొన లేస్తే ఆ చూపు పోయినట్టే. అందుకే ముందుగా ద్వారం, మండపం, కోనేటి మెట్లు, ఊరి నుంచి వచ్చే దారి లాంటి చోట్లను ఎంచుకుని, కంటి ఎత్తు 1.6 మీటర్ల నుంచి ఫొటోలు తీయాలి. 50 మిల్లీమీటర్ల లెన్స్ వాడాలి. వెడల్పు లెన్స్‌లో టవర్ చిన్నదైపోతుంది, అది మోసం. తెల్లవారుజామున గాలి లేనప్పుడు ప్రతిపాదిత ఎత్తుకు హీలియం బెలూన్ ఎగరేసి, అన్ని చోట్ల నుంచీ ఫొటో తీస్తే వాదనకు తావుండదు.

చెట్లను లెక్కలోకి తీసుకోవచ్చు కానీ జాగ్రత్తగా. చూసేవాడికి 40 మీటర్ల దూరంలో 12 మీటర్ల చెట్టుంటే, 170 మీటర్ల అవతల దాదాపు 45 మీటర్ల ఎత్తు దాకా దాస్తుంది. అదే చెట్టు ఆకు రాలిస్తే ఏమీ దాచదు. కాబట్టి ఆకురాలే కాలంలో తీసిన ఫొటోలే పెట్టండి. మా దగ్గర మండపం నుంచి మొన స్పష్టంగా కనిపించింది. టవర్‌ను స్థలం వెనక మూలకు జరిపి, ఎత్తు 24కు తగ్గించి, జాలీ టవర్ బదులు మోనోపోల్ (ఒకే స్తంభంలా ఉండే టవర్) ప్రతిపాదించాం. కవరేజీ కొంత తగ్గింది, తగ్గనివ్వండి.

ఎన్‌ఓసీలో ఎత్తు అంటే అన్నీ కలిపిన ఎత్తు. కింద పెడస్టల్ (పోల్ నిలబెట్టే దిమ్మె) అర మీటరు, పైన లైట్నింగ్ అరెస్టర్ (పిడుగు నుంచి కాపాడే కడ్డీ) ఒకటిన్నర మీటరు ఉంటే 24 మీటర్ల అనుమతికి పోల్ 22 మీటర్లే వేసుకోవాలి. డ్రాయింగ్‌లో ఈ మూడింటినీ విడివిడిగా చూపించి, మొత్తం కింద గీత గీయండి. పునాది తవ్వేటప్పుడు పాత ఇటుకల వరస గానీ చెక్కిన రాయి గానీ తగిలితే జేసీబీని అక్కడికక్కడే ఆపి పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ మాట కాంట్రాక్టర్ వర్క్ ఆర్డర్‌లోనే రాయించి సంతకం తీసుకోండి.